దమయంతి ముందు నడిచిన రోజు

శనివారం పొద్దున్నే దమయంతి స్కీ బూట్లు తొడుక్కోడానికి బెంచీ మీద కూర్చుంది. ఎడమ బూటు బకిళ్లు బిగించేసరికే ఆయాసం వచ్చింది. కుడికాలి సంగతి తర్వాత చూద్దాంలే అని గోడకి చేరబడి కళ్లు మూసుకుంది. యాభై రెండేళ్లు వచ్చాయి. అందులో పద్దెనిమిది చలికాలాలు మంచులోనే గడిచాయి. రెండు మోకాళ్లూ అరిగాయి, కుడిది మెట్లు దిగుతుంటే కిర్రుమంటోంది. ఇంట్లో ఉంటే ఈపాటికి ఐస్‌ప్యాక్ పెట్టుకుని సోఫాలో పడి ఉండేది. ఇవాళ ఆ వీల్లేదు. తొమ్మిదేళ్లుగా అందరి వెనకా నడిచిన మనిషి ఇవాళ మొదటిసారి ముందు నడవాలి.

వెనక నడవడమంటే ఏమిటో చెప్పాలి. కాలిఫోర్నియాలో తాహో సరస్సు పైనున్న కొండల్లో ఆ రిసార్ట్. లిఫ్టెక్కి పైకిపోయి, యంత్రాలతో చదునుచేసిన వాలు మీద దిగేవాళ్లు వేలమంది. ఆ దారి వదిలేసి, కంచె గేటు దాటి, ఎవరూ తొక్కని లోతు మంచులో, చెట్ల మధ్య జారాలని ముచ్చటపడేవాళ్లు కొందరు. వాళ్లని వాళ్ల మానాన వదిలేస్తే తిరిగొస్తారో రారో. అందుకని గైడ్లుంటారు. ఒక గైడు ముందు దిగి దారి చూపిస్తాడు. ఇంకొకరు అందరికన్నా వెనక దిగుతారు. ఊడిన స్కీలు వెతకడం, పడ్డవాళ్లని లేపడం, ఏడ్చేవాళ్లని ఊరుకోబెట్టడం, పైన ఎవరూ మిగల్లేదని చూసుకుని చివరికి రావడం ఆ వెనక మనిషి పని. ఫోటోల్లో ముందు గైడు ఉంటాడు. ఆ ఫోటోలు తీసేది వెనక మనిషి.

దమయంతిది ఏలూరు. ఫ్రిజ్‌లో పేరుకున్న ఐసు గీకడం తప్ప మంచు అంటే ఎరగదు. తొంభై ఎనిమిదిలో పెళ్లిచేసుకుని శాంటా క్లారా వచ్చింది. భర్త కోటేశ్వరరావు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసేవాడు. ఈవిడది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. ఎమ్మెస్సీ బోటనీ ఫస్టుక్లాసులో పాసయిన మనిషి ఏళ్ల తరబడి అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చుంది. కూతురు అనికకి ఏడేళ్లప్పుడు స్కూలువాళ్లు పిల్లల్ని స్కీయింగ్ నేర్పించడానికి తాహో తీసుకెళ్తుంటే తోడుగా వెళ్లింది. మొదటిరోజు పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని లాడ్జిలో ఎనిమిది గంటలు కూర్చుంది. రెండోరోజు మధ్యాహ్నానికి ఇక కూర్చోలేక, స్కీలు అద్దెకి తీసుకుని పసిపిల్లల వాలు మీదికి పోయింది. పడింది, లేచింది, మళ్లీ పడింది. సాయంత్రం బస్సెక్కేసరికి ఒళ్లు హూనమైపోయింది. అయినా ఈ దేశం వచ్చాక అంత సంతోషం ఆమె ఎప్పుడూ ఎరగదు.

గ్రీన్‌కార్డు వచ్చాక అక్కడే పసిపిల్లలకి స్కీయింగ్ నేర్పే పనిలో చేరింది. ఏడు చలికాలాలు పిల్లల ముక్కులు తుడిచింది, జిప్పులు లాగింది, అర్జెంటంటే చంకనేసుకుని బాత్రూమ్‌కి పరిగెత్తింది. అప్పటికే కాపురం శాన్ రామన్‌కి మారింది. శుక్రవారం మూడు గంటలు డ్రైవ్ చేసుకుని కొండెక్కడం, ఆదివారం సాయంత్రం దిగడం, సోమవారం నుంచి డెంటిస్ట్ ఆఫీస్‌లో ఫ్రంట్ డెస్క్. పార్టీల్లో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఈ వయసులో ఇదేం పిచ్చి, కాలో చెయ్యో విరిగితే ఎవరు చూస్తారు అన్నారు. కోటేశ్వరరావు మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఆదివారం ఆవిడ వచ్చేవేళకి అన్నం వండి చారు పెట్టి ఉంచేవాడు. ఈ ఏడాదే మొదటిసారి నోరు విప్పాడు.

"ఇంక చాల్లే దమయంతీ. నువ్వు మంచం దిగుతుంటే ఆ మోకాలి చప్పుడు నాకు పక్కగదిలోకి వినిపిస్తోంది."

చాలనే ఆవిడకీ ఉంది. కానీ ఒక్కటి మిగిలిపోయింది, అది హొక్కైడో.

ఆ పిల్లల పని తర్వాత ఆమెని వెనక గైడుగా పెట్టుకున్న కెంజిది జపాన్‌లోని హొక్కైడో. ఇక్కడి అమ్మాయిని పెళ్లాడి ముప్పై ఏళ్ల కిందట వచ్చేసి, చిన్న గైడింగ్ కంపెనీ పెట్టుకున్నాడు. ఏటా ఫిబ్రవరిలో కొంతమందిని వెంటబెట్టుకుని తన ఊరివైపు కొండలకి తీసుకెళ్తాడు. అక్కడి మంచు బియ్యప్పిండంత మెత్తగా ఉంటుందని, తెల్లటి బర్చ్ చెట్ల మధ్య నడుములోతు మంచులో దిగుతుంటే తన స్కీల చప్పుడు తనకే వినబడదని చెబుతుంటాడు. తొమ్మిదేళ్లుగా దమయంతి ఆ మాటలు వింటూనే ఉంది. వినడమే తప్ప వెళ్లింది లేదు, అక్కడ వెనక గైడు అక్కడి మనిషే.

ఈ ఏడాది కెంజికి తుంటి ఆపరేషన్ అయింది. ఫిబ్రవరి ట్రిప్పుకి ముందు గైడుగా నువ్వే వెళ్లు అన్నాడు. ఆ వెళ్లేవాళ్లని ముందు ఇక్కడ ఒకరోజు ఒంటిచేత్తో నడిపించి చూపించమన్నాడు. రోజు సవ్యంగా గడిస్తే హొక్కైడో ఆమెది. లేదంటే డెన్వర్ నుంచి ఇంకో గైడు సిద్ధంగా ఉన్నాడు. ఈ మోకాళ్లు ఇంకో ఏడాది ఆగవని దమయంతికి తెలుసు. ఇప్పుడు వెళ్తే వెళ్లినట్టు, లేకపోతే ఇక ఈ జన్మకి లేనట్టే. అందుకే కుడి బూటు కూడా ఎలాగో తొడుక్కుని లేచింది.

వచ్చినవాళ్లు నలుగురు, అందరూ శాన్ రామన్ వాళ్లే. గౌరీశంకర్‌గారు గుండె డాక్టరు, అరవై నిండాయి. తెలుగు అసోసియేషన్‌లో పెద్దమనిషి, ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ముందు వరసలో కుర్చీ ఆయనది. భార్య మృదుల పబ్లిక్ లైబ్రరీలో పనిచేస్తుంది, ఆయనకంటే నాలుగేళ్లు చిన్న. మిగతా ఇద్దరూ అఖిల్, మనీషా. ముప్పైల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ దంపతులు, గౌరీశంకర్‌గారిని అంకుల్ అని పిలుస్తారు. నలుగురికి మించితేనే వెనక గైడు ఉండాలని కంపెనీ రూలు. సరిగ్గా నలుగురే కాబట్టి ఇవాళ వెనక ఎవరూ లేరు. ఇద్దరిద్దరు జంటగా, ఒకరినొకరు చూసుకుంటూ దిగాలి.

కెంజికి ఇంకో రూలు కూడా ఉంది. ప్రతి వాలు ముందూ ఆగి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి దిగుదామా అని అడుగుతాడు. ఒక్కరు వద్దన్నా ఆ వాలు లేదు. ఎందుకని అడగరు, బతిమాలరు. ఇక్కడివాళ్లతో ఈ రూలు నల్లేరు మీద బండిలా నడిచింది. మనవాళ్ల దగ్గర మాత్రం దాని పప్పులు ఉడకలేదు. నలుగురి ముందూ వద్దనడం మనకి చేతనవునా? పక్కవాళ్ల సరదా పాడవుతుందని, పెద్దాయన ఏమనుకుంటాడోనని, కాళ్లు వణుకుతున్నా మొహాన నవ్వు పులుముకుని నిలబడతాం. పెళ్లిభోజనంలో నాలుగోసారి వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టలేక తినేసి, ఇంటికొచ్చి సోడా తాగే జాతి మనది.

దమయంతికి ఈ జబ్బు తెలుసు, తనకీ ఉంది కాబట్టి. అందుకని కెంజీ, ఆవిడా ఒక పద్ధతి పెట్టుకున్నారు. మనదేశం వాళ్లు వచ్చినరోజున కెంజి పేరుపేరునా అడుగుతుంటే, దమయంతి వెనకనుంచి వాళ్ల వాలకం చూసేది. నవ్వుతున్నవాళ్ల భుజాలు బిగుసుకున్నాయా, చేతులు కర్రల్ని నలుపుతున్నాయా అని కనిపెట్టేది. ఎవరికైనా ఇష్టం లేదనిపిస్తే తన స్కీ కర్ర పైకెత్తేది. కెంజి వెంటనే గుప్పెడు మంచు తీసి నలిపి, పెదవి విరిచి, "ఇవాళ ఈ మంచు నాకు నచ్చలేదు, పక్కదారిన పోదాం" అనేవాడు. నేరం మంచు మీదికి పోయేది, ఎవరి పరువూ పోయేది కాదు. అలా కర్ర ఎత్తి ఎంతమందిని ఒడ్డుకి చేర్చిందో లెక్కలేదు. వాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

గేటు దగ్గర దమయంతి అందరి బీకన్లూ పరీక్షించింది. మంచులో కూరుకుపోతే ఎక్కడున్నారో చెప్పే చిన్న పెట్టెలవి, ఛాతీకి కట్టుకోవాలి. తర్వాత చెట్ల సంగతి చెప్పింది. రెండురోజులు తుఫాను, మూడడుగుల కొత్తమంచు పడింది. చెట్టు మొదట్లో, కొమ్మల కింద మంచు గట్టిపడదు, గుల్లగా ఉంటుంది. జారి అందులో తలకిందులుగా పడ్డవాళ్లు సొంతంగా బయటికి రాలేరు, ఊపిరాడదు.

"అందుకని జంటలో మనిషి కనిపించకపోతే అక్కడే ఆగిపోండి. కిందికి వచ్చేసి వెయిట్ చేయడాలు వద్దు. ప్లీజ్."

"మీరేం వర్రీ అవకండి దమయంతిగారూ," అన్నారు గౌరీశంకర్‌గారు. "యూట్యూబ్‌లో మొత్తం చూసేశాను. మృదులకి కూడా ఎక్స్‌ప్లెయిన్ చేశాను."

మృదుల తలూపింది.

మొదటి వాలు చెట్లు లేని బయలు. హాయిగా గడిచింది. అఖిల్, మనీషా పిల్లల్లా కేకలు పెడుతూ దిగారు. గౌరీశంకర్‌గారు బాగానే దిగుతారు, కాకపోతే వెనక్కి చూసే అలవాటు లేదు. మృదుల రెండుసార్లు పడింది. రెండోసారి లేవడానికి చాలాసేపు పట్టింది. పడ్డ ప్రతిసారీ "సారీ, సారీ, మీకు లేట్ చేస్తున్నా" అంటూనే లేచింది. దమయంతి కిందనుంచి అదంతా చూస్తూ నిలబడింది. వెనక ఉంటే ఈపాటికి పక్కకి వెళ్లి చెయ్యందించేది. ముందు నడిచేవాడికి అందరూ దూరంగానే కనిపిస్తారని ఆవిడకి ఇవాళే తెలిసింది.

లిఫ్టులో గౌరీశంకర్‌గారు పక్కన కూర్చున్నారు.

"కెంజి అడిగాడు, ఇవాళ సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఇవ్వమని. మేమంతా మీకే ఓటు. మన తెలుగావిడ జపాన్‌లో లీడ్ చేస్తోందంటే మాకెంత ప్రౌడ్‌గా ఉంటుంది? కాకపోతే అక్కడంతా చెట్ల మధ్య ట్రీ రన్సేనట కదా. ఒకటి ఇవాళ చూపించేయండి. ఆ నార్త్ సైడ్ ఉంది చూడండి, అది."

ఆ ఉత్తరం వైపు వాలు దమయంతికి కొట్టినపిండి. నిటారుగా ఉంటుంది, చెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. బాగా దిగేవాళ్లకి దాన్ని మించింది లేదు. మృదులకి అది చాలా ఎక్కువ. ఆ మాట అక్కడే, లిఫ్టులోనే అనేస్తే సరిపోయేది. "చూద్దామండీ" అని ఊరుకుంది.

పైన, చెట్ల అంచున ఆగారు. మంచు కురవడం ఆగింది, గాలి లేదు. దమయంతి కెంజిలాగే ఒక్కొక్కరినీ అడిగింది.

"అఖిల్?"

"రెడీ ఆంటీ."

"మనీషా?"

"యా, లెట్స్ గో."

"గౌరీశంకర్‌గారూ?"

"అడగాలా అండీ? దీనికోసమేగా వచ్చింది."

"మృదులగారూ?"

మృదుల నవ్వింది. నవ్వి, భర్త వైపు చూసి, అఖిల్ వైపు, మనీషా వైపు చూసి, మళ్లీ దమయంతి వైపు చూసింది. "మీరంతా వెళ్తున్నారుగా. నేనూ వస్తాను," అంది. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. గ్లవ్ తొడిగిన వేళ్లు కర్ర పట్టీని మెలితిప్పుతున్నాయి.

దమయంతి చూసింది. తొమ్మిదేళ్లు చేసిన పని, చూడకుండా ఎలా ఉంటుంది? కళ్లకి కట్టినట్టు కనిపించింది. ఇదే కెంజి ముందుంటే ఆవిడ కర్ర ఈపాటికి గాల్లో ఉండేది. ఇవాళ కర్ర ఎత్తితే చూసేవాడెవడు? గుప్పెడు మంచు తీసి, నలిపి, నచ్చలేదని తనే అనాలి. అంటే గౌరీశంకర్‌గారి మొహం మాడుతుంది. సాయంత్రం కెంజికి ఆయన చెప్పే మాట మారుతుంది. హొక్కైడో చేజారుతుంది. పైగా అలసట. పక్కదారి పట్టాలంటే మళ్లీ పావుగంట అడ్డంగా నడవాలి, మోకాలు అప్పుడే సలుపుతోంది. ఇన్నేళ్లు అందరినీ మోసుకొచ్చాను, ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకుంది. అలా అనుకుంటున్నానని తెలిసే అనుకుంది.

"సరే. అఖిల్, మనీషా ముందు. తర్వాత మీరిద్దరూ. ఒకరినొకరు చూసుకోండి," అని చెప్పి, స్కీలు కిందికి తిప్పింది.

దిగుతున్న ఆ రెండు నిమిషాలూ సుఖంగా ఉందంటే అబద్ధం కాదు. మంచు తొడల దాకా ఒరుసుకుపోతోంది, మోకాలి నొప్పి కూడా గుర్తు లేదు. అదే తర్వాత ఆవిడని ఎక్కువ బాధపెట్టింది.

కింద చదునుగా ఉన్నచోట ఆగి వెనక్కి తిరిగింది. అఖిల్ వచ్చాడు. మనీషా వచ్చింది. కాసేపటికి గౌరీశంకర్‌గారు గడ్డమంతా మంచుతో, ఇంత నవ్వుతో వచ్చి ఆగారు.

"అద్భుతం అండీ. ఇది కదా స్కీయింగంటే."

"మృదులగారేరి?"

"వస్తోందిగా, వెనకాలే ఉంది."

దమయంతి పైకి చూసింది. చెట్ల మధ్య ఏ కదలికా లేదు. పిలిచింది, ఈల ఊదింది, ఆగి విన్నది. జవాబు లేదు.

"మనీషా, స్కీ పెట్రోల్ రెస్క్యూ వాళ్లకి ఫోన్ చెయ్యి. అఖిల్, తవ్వడానికి షవెల్ తీసుకుని నా వెనక రా," అని స్కీలు విప్పేసి, గౌరీశంకర్‌గారి జాడ పట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

దిగేటప్పుడు రెండు నిమిషాల దారి. ఎక్కేటప్పుడు అడుగు వేస్తే నడుము దాకా దిగబడుతోంది. కాలు లాగాలి, చేతులతో మంచు తొక్కాలి, మళ్లీ కాలు వెయ్యాలి. తల ప్రాణం తోకకొచ్చింది. నోరు ఎండిపోయింది. ఇన్నేళ్లూ ఈ వాలు మీద ఈవిడ పైన ఉండి కిందికి వచ్చేది, పడ్డవాళ్ల దగ్గరికి క్షణంలో జారి వెళ్లేది. ఇవాళ తను కింద ఉంది, పడ్డ మనిషి పైన ఉంది. ఏడవాలని కూడా అనిపించలేదు, ఊపిరి చాలక. దేవుడా, ఆవిడకి ఊపిరి ఉంచు అని మాత్రం అనుకుంది.

ఎంతో దూరం ఎక్కకముందే ఒక పెద్ద ఫర్ చెట్టు వచ్చింది, అక్కడి దాకా ఆయన జాడ ఒక్కటే. పైనుంచి ఆయన పక్కనే వచ్చిన రెండో జాడ అక్కడ చెట్టు వైపు తిరిగింది. కొమ్మల కింద ఒక స్కీ మొన రెండంగుళాలు బయటికి కనిపించింది.

బ్యాగులోంచి షవెల్ తీసేదాకా ఆగలేక చేతులతోనే తవ్వింది. కాళ్ల సంగతి వదిలేసి, తల ఎక్కడుంటుందో లెక్కేసుకుని పక్కనుంచి తవ్వింది. హెల్మెట్ తగిలింది. మొహం మీది మంచు తీసి, నోట్లోకి వేలుపెట్టి లోపలి మంచు తీసింది. మృదుల పెదవులు నీలంగా ఉన్నాయి. ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత దగ్గింది. దగ్గి, ఎక్కిళ్లు పడుతున్నట్టు ఊపిరి పీల్చింది. అఖిల్ వచ్చి కాళ్లవైపు తవ్వాడు. ఇద్దరూ కలిసి బయటికి లాగారు. ఈల ఊదినప్పటి నుంచి ఏడు నిమిషాలు అయిందని అఖిల్ తర్వాత చెప్పాడు.

గౌరీశంకర్‌గారు కూడా రొప్పుతూ ఎక్కి వచ్చారు. మంచులో మోకాళ్ల మీద కూలబడి భార్య నాడి చూశారు, కళ్లు చూశారు, వీపు మీద చెవి ఆనించి విన్నారు. అదే సమయంలో కిందనుంచి మనీషా అరిచింది, సిగ్నల్ దొరికి ఇప్పటికి పెట్రోల్ లైన్ కలిసిందని.

"అక్కర్లేదు, కట్ చెయ్యి," అని అరిచారాయన. "షి ఈజ్ ఫైన్. నేను డాక్టర్ని, నేను చూసుకుంటాను."

దమయంతి నోరు తెరిచి, మూసేసింది. అనాల్సింది అనకపోవడం ఆ రోజుకి ఇది మూడోసారి.

లాడ్జిలో మూల టేబుల్ దగ్గర ఐదుగురూ కూర్చున్నారు. మృదుల రెండు జాకెట్లు కప్పుకుని హాట్ చాక్లెట్ కప్పు రెండు చేతులతో పట్టుకుంది, తాగడం లేదు.

ముందుగా మాట్లాడింది గౌరీశంకర్‌గారే.

"జరిగిందేదో జరిగింది. ఎవరి తప్పూ లేదు. ఇది మన మధ్యనే ఉంచుదాం. కెంజికి చెప్తే రిపోర్టులు రాస్తాడు, దమయంతిగారికి ప్రాబ్లం. ఇషాకి తెలిసిందంటే మమ్మల్ని ఇల్లు కదలనివ్వదు." ఇషా వాళ్లమ్మాయి, వర్జీనియాలోని షాంటిలీలో ఉంటుంది. "ఏమంటావ్ మృదులా?"

"ఏం కాలేదు కదండీ," అంది మృదుల. గొంతు బొంగురుగా ఉంది. "నా వల్ల అందరి డే పాడైంది."

"మీకెలా కంఫర్టబుల్‌గా ఉంటే అలాగే అంకుల్," అన్నాడు అఖిల్. మనీషా బల్ల వైపు చూస్తూ తలూపింది.

ఎంత తేలిగ్గా కుదిరిపోయిందో. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు, ఒకరినొకరు ఎంత ప్రేమగా కాపాడుకుంటున్నారో. దమయంతికి ఒక్కసారిగా విసుగొచ్చింది. వాళ్ల మీదా, తన మీదా, తన జాతి మర్యాద మీదా విసుగొచ్చింది. పడుకోవాలనిపించింది. ఈ బల్ల కిందే పడుకుని రేపు లేవాలనిపించింది.

అప్పుడే కెంజి ఫోన్ చేశాడు. అందరి ముందూ ఎత్తింది.

గౌరీశంకర్‌గారు లాడ్జికి వచ్చే దారిలోనే మెసేజ్ పెట్టేశారట. చాలా బాగా నడిపించింది, ఆవిడతోనే జపాన్ వెళ్తాం అని. కెంజి సంతోషంగా ఉన్నాడు. "టికెట్ బుక్ చేస్తున్నాను, పాస్‌పోర్ట్ ఫోటో పంపించు," అన్నాడు. తర్వాత అలవాటుగా అడిగాడు, రోజంతా సవ్యంగా గడిచిందా అని.

గౌరీశంకర్‌గారు ఆవిడకి ఎదురుగా కూర్చుని, కనీకనపడకుండా తల అడ్డంగా ఊపారు.

"లేదు," అంది దమయంతి. "ఉత్తరం వాలులో ఒకావిడ చెట్టు మొదట్లో తలకిందులుగా పడింది. ఏడు నిమిషాలు పట్టింది తియ్యడానికి. బతికే ఉంది, ఇక్కడే ఉంది. పెట్రోల్‌కి చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను."

కెంజి కోప్పడే మనిషి కాదు. అడగాల్సింది ఒక్కటే అడిగాడు. దిగే ముందు అందరినీ అడిగావా?

"అడిగాను. అందరూ సరే అన్నారు." ఇక్కడితో ఆపితే ఆపెయ్యొచ్చు, రిపోర్టులో ఇంతకంటే ఎక్కువ అడగరు. దమయంతి ఆపలేదు. "ఆవిడకి ఇష్టం లేదు కెంజీ. మొహం చూస్తే తెలిసిపోయింది. నాకు హొక్కైడో కావాలి. అందుకని చూడనట్టు దిగిపోయాను."

కెంజి నెమ్మదిగా, రేపటి గ్రూపుని ఇంకెవరికైనా అప్పజెప్తానని, ఇంటికి వెళ్లి పడుకోమని చెప్పాడు. హొక్కైడో గురించి ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. దమయంతి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. తొమ్మిదేళ్లు విన్న బర్చ్ చెట్లు పోయాయి.

"మీరు చెప్పకుండా ఉండాల్సింది," అన్నారు గౌరీశంకర్‌గారు. "మేమంతా మీకోసమే కదా..."

"ఒక్క నిమిషం ఉండండి," అంది మృదుల. కప్పు బల్ల మీద పెట్టింది. దమయంతి వైపు తిరిగింది. "మీకు తెలుసా? నాకు ఇష్టం లేదని, పైన ఉన్నప్పుడే?"

"తెలుసండి."

"ఎలా తెలిసింది? నేను నవ్వానుగా."

"నవ్వారు. తెలిసిపోయిందండి. నన్ను క్షమించండి, అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలీడం లేదు."

మృదుల ఆవిడని సూటిగా చూసింది. క్షమించానని అనలేదు. ఆ కళ్లలో ఉన్నది కోపమే, దమయంతి తల వంచుకోకుండా దాన్ని భరించింది. అప్పుడు మృదుల నెమ్మదిగా భర్త వైపు తిరిగింది.

"ఈవిడ నన్ను ఇవాళ పొద్దున్నే మొదటిసారి చూసింది. ఈవిడకి తెలిసింది."

అఖిల్, మనీషా కాఫీ తెస్తామని లేచి వెళ్లిపోయారు. వెళ్లడానికి అంతకంటే మంచి సాకు దొరకలేదు పాపం.

దమయంతి పెట్రోల్ ఆఫీస్‌కి వెళ్లి రిపోర్టు రాసి ఇచ్చింది. వాళ్లు మృదులని పరీక్ష చేసి, ఊపిరితిత్తులు బాగున్నాయని, రెండురోజులు కనిపెట్టుకుని ఉండమని చెప్పారు. ఈ తతంగమంతా అయ్యేసరికి మూడయింది. దమయంతి సామాను కార్‌లో సర్దుకుని, కుడికాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, స్టీరింగ్ ముందు కూర్చుంది. తాళం తిప్పే ఓపిక కూడా లేదు.

ఎవరో పక్క అద్దం మీద తట్టారు. మృదుల. భుజానికి బ్యాగు ఉంది. నాలుగడుగుల వెనక గౌరీశంకర్‌గారు తమ కారు తాళాలు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మీరు శాన్ రామనేగా వెళ్లేది? నేను మీతో వస్తాను."

"మృదులా, మన కారుందిగా," అన్నారాయన.

"ఉంది. అందులో మీరు రండి."

డోర్ తీసుకుని కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. ఆయన వైపు మళ్లీ చూడలేదు. దమయంతి తాళం తిప్పి హీటర్ పెంచింది.

"మీ మీద నా కోపం పోలేదు," అంది మృదుల, ముందుకే చూస్తూ. "అది పోవడానికి చాలా రోజులు పడుతుంది. కానీ ఇవాళ ఆయన పక్కన మూడు గంటలు కూర్చోడం నాకిష్టం లేదు. పోనివ్వండి."

దమయంతి కారు తీసింది.